రద్దు కావలసిన తీర్మానం

ఎలమంచిలిలోని ఒక మసీదు కమిటీ తీర్మానాల పుస్తకంలో కొన్నేళ్ల క్రితం నాటి పేజీ ఒకటి ఉంది. మత్తులో మొహల్లా ప్రశాంతతకు భంగం కలిగిస్తున్న ఒక యువకుడిని జమాఅత్ వ్యవహారాలకు దూరంగా ఉంచాలనీ, అతడు మారేంతవరకు ఆ ఇంటి శుభకార్యాలకు ఎవరూ వెళ్లరాదనీ ఆ పేజీలో రాసి ఉంది. కింద ఏడుగురి సంతకాలున్నాయి. వాటిలో ఒకటి మాది. అంతేకాదు, ఆ పేజీలోని చేతిరాత కూడా మాదే. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా దస్త్రాలు రాసిన అనుభవం ఉన్నదని సభ్యులు ఆ పని మాకు అప్పగించారు. భాషలో ఒక్క దోషం లేకుండా రాశాము. దోషం విషయంలోనే ఉన్నదని అప్పుడు మాకు తోచలేదు.

ఏడాది గడిచాక ఆ యువకుడి తల్లి మా ఇంటికి వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు. విశాఖపట్నం ప్రభుత్వ మానసిక చికిత్సాలయం వారి ఓపీ చీటీ చేతికిచ్చి, "భాయ్‌సాబ్, ఇందులో ఏం రాశారో చదివి చెప్పండి" అని అడిగింది. చదువుతుండగానే ఆమె మిగతా సంగతి చెప్పింది. కొడుకు అచ్యుతాపురం వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళ్లేవాడు. ఒక వారం పగటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. మొదట నిద్ర పోయింది. తరువాత తోటి పనివారు తన గురించే గుసగుసలాడుతున్నారని అనుమానం పట్టుకుంది. ఆపైన ఎవరూ లేనిచోట మాటలు వినిపించసాగాయి. ఆ మాటలు వినలేక ముందు గంజాయి, తరువాత మద్యం మొదలుపెట్టాడు. "వాడు తాగడం మీరందరూ చూశారు. తాగుడుకు ముందు ఆరు నెలలపాటు గోడకు చెవి ఆనించి కూర్చోవడం నేనొక్కదాన్నే చూశాను" అన్నది ఆ తల్లి.

ఆ రోజు మొదలు ఈ విషయం గురించి రాయాలని అనుకుంటూనే ఉన్నాము. మన కుటుంబాలలో మత్తును పాపంగా చూస్తాము, మానసిక వ్యాధిని గాలిగానో చేతబడిగానో చూస్తాము. మొదటిదానికి శిక్ష, రెండవదానికి తావీజు. ఈ రెండూ తరచుగా ఒకే మనిషిలో, ఒకదానిని పట్టుకుని మరొకటి ఉంటాయనీ, రెండింటికీ కలిపి వైద్యం చేయాలనీ మనం గుర్తించము. ఈ గుర్తింపు లేకపోవడం వల్ల మన పిల్లలు ఉపాధిని, సంసారాన్ని, కొన్నిసార్లు ప్రాణాన్నే పోగొట్టుకుంటున్నారు.

వైద్యులు దీనిని డ్యూయల్ డయాగ్నసిస్ అంటారు. మనం జంట రుగ్మత అందాము. ఇది ఏర్పడే దారులు ప్రధానంగా మూడు. మొదటిది, మనోవేదన ముందు వచ్చి దానిని మరచిపోవడానికి మత్తు అలవాటు కావడం. దిగులు, భయం, నిద్రలేమి, కళ్ల ముందు జరిగిన ప్రమాదం తాలూకు జ్ఞాపకాలు మనిషిని సీసా దగ్గరికి నడిపిస్తాయి. రెండవది, మత్తే వ్యాధిని తెచ్చిపెట్టడం. ఎడతెగని తాగుడు కుంగుబాటును పెంచుతుంది. లేత వయసులో మొదలై మోతాదు పెరిగిన గంజాయి మతిభ్రమణ ప్రమాదాన్ని పెంచుతుంది. మూడవది, రెండింటికీ ఒకే మూలం ఉండడం. వంశంలో ఉన్న వ్యాధి లక్షణం, బాల్యంలో పడిన దెబ్బలు, పేదరికం, పని దొరకని రోజులు ఆ మూలాలు. ఏది ముందు, ఏది వెనుక అని తేల్చడం వైద్యుని పని. కొన్నిసార్లు మత్తు మాన్పించి కొన్ని వారాలు గమనిస్తే తప్ప వారికీ తేలదు. మన పని, రెండూ ఉండవచ్చునని అనుమానించి వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం.

ఇది ఏ కొద్దిమంది సమస్యో కాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ జరిపి 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం, దేశంలో మద్యం వల్ల హాని పొందుతున్నవారు, దానికి బానిసలైనవారు కలిపి సుమారు 5.7 కోట్లు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక రకమైన చికిత్స అందుతున్నది. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన మానసిక ఆరోగ్య సర్వేలోనూ మానసిక రుగ్మతలున్నవారిలో అత్యధికులు వైద్యానికి దూరంగానే ఉన్నట్లు తేలింది. మన మతంలో మత్తు నిషిద్ధం గనుక ఈ లెక్కలలో మనం లేమని కొందరు పెద్దలు అంటారు. నిషేధం ఉన్నమాట నిజమే. కానీ నిషేధం ఉన్న సమాజంలో రోగి లేకుండా పోడు, దాక్కుంటాడు. అంతే తేడా.

మా ప్రాంతం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. జాతీయ రహదారి, హౌరా-చెన్నై రైలు మార్గం రెండూ ఎలమంచిలి మీదుగా పోతాయి. మన్యంలో పండిన గంజాయి మైదానానికి దిగే దారులు మాకు దూరం కాదు. 2021లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో విశాఖ మన్యంలో వేలాది ఎకరాల గంజాయి తోటలను ధ్వంసం చేశారు. అది అవసరమైన పనే. అయితే తోట నరికినంత మాత్రాన అప్పటికే అలవాటుపడిన కుర్రవాడి మెదడులో ఏర్పడిన గాయం మానదు. సరుకును ఆపడం పోలీసుల పని, మనిషిని నిలబెట్టడం వైద్యుల పని, కుటుంబం పని, జమాఅత్ పని.

మన రాష్ట్రం ఈ పాఠాన్ని ఒకసారి కాదు, రెండుసార్లు చదివింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ వంటి సామాన్య స్త్రీలు సారా దుకాణం మూయించి ఒక మహోద్యమానికి నాంది పలికారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. ఆ తల్లుల పోరాటం ముందు మేము తల వంచుతాము. అయితే దుకాణం మూసిన మరునాడు వణుకుతూ మంచం మీద పడి ఉన్న భర్తను ఏ ఆసుపత్రికి తీసుకువెళ్లాలో ఆ తల్లులకు ఎవరూ చెప్పలేదు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడగానే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వందల మందిని తీసుకువచ్చారు. చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనిపించడం, పిచ్చిగా పరుగెత్తడం వారి లక్షణాలు. అదే ఏడాది జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యానికి బదులు శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మృత్యువు ఎదుట నిలిచినా ఆగలేని స్థితిని బుద్ధిలేనితనం అనలేము. అది వ్యాధి.

అందువల్ల కుటుంబాలు మొదట గ్రహించవలసింది ఇది: ఎన్నో ఏళ్లుగా ప్రతిరోజూ విపరీతంగా తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించకూడదు. చివరి గ్లాసు తరువాత రెండు మూడు రోజులలో ఫిట్స్, మతి చెదరడం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రిలో మందులు, బీ1 విటమిన్ ఇచ్చి దానిని క్షేమంగా దాటిస్తారు. అలాగే, తాగుడు మాన్పించే మాత్రలను తెలియకుండా కూరలోనో చాయ్‌లోనో కలిపి పెట్టడం మన ఇళ్లలో చాలాచోట్ల జరుగుతున్నది. ఆ మాత్ర కడుపులో ఉండగా మనిషి మద్యం తాగితే రక్తపోటు పడిపోయి గుండెకు ముప్పు వస్తుంది. రోగికి తెలిసి, అతడు ఒప్పుకుని, వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన మందు అది. ప్రేమతోనైనా సరే, దొంగతనంగా పెట్టవద్దు.

రంజాన్ మాసం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏడాదంతా తాగి చంద్రదర్శనంతో ఒక్కసారిగా మానివేసేవారు మనలో ఉన్నారు. వారి సంకల్పం మెచ్చదగినదే. కానీ బాగా ముదిరిన అలవాటు ఉన్నవారు షాబాన్ మాసంలోనే వైద్యుని కలిసి క్రమంగా మానడం క్షేమం. లేకపోతే మొదటి రోజాల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండవది, మనోవ్యాధికి లిథియం వాడేవారు ఎండాకాలపు ఉపవాసంలో నీరు తక్కువైతే రక్తంలో ఆ మందు మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు. ఉపవాసం ఉండాలా వద్దా, మందు వేళలు ఎలా మార్చాలి అన్నది వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. రోగికి ధర్మమే మినహాయింపు ఇచ్చింది. మధుమేహ రోగికి మనం ఒప్పుకునే మినహాయింపు మనోరోగికి ఎందుకు ఒప్పుకోము? "చూడడానికి బాగానే ఉన్నాడు కదా" అనే ఒక్క మాటతో ఎంతమంది చేత మందులు మాన్పించామో మనం లెక్క చూసుకోవాలి.

ఇక తావీజు సంగతి. దువాను మేము కాదనడం లేదు. రోగి మనసుకు, తల్లి మనసుకు దువా ఇచ్చే ధైర్యం చిన్నది కాదు. కానీ దువా పేరిట వైద్యాన్ని ఆపినప్పుడు ఏం జరుగుతుందో తమిళనాడులోని ఏర్వాడి చెప్పింది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అక్కడి దర్గా సమీపంలోని ఒక ప్రైవేటు కేంద్రంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టివేయబడి ఉన్న మనోరోగులు కదలలేకపోయారు. 28 మంది మరణించారు. వారిని అక్కడ వదిలి వెళ్లినవారు క్రూరులు కారు, దారి తెలియని బంధువులు. మరోవైపు గుజరాత్‌లోని మెహసాణా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా వద్ద 'దవా-దువా' అనే కార్యక్రమం నడిచింది. దర్గాకు వచ్చిన రోగిని అక్కడి ముజావర్లే మానసిక వైద్యుని గదికి పంపేవారు. దువా మానలేదు, దవా ఆగలేదు. మనకు కావలసింది ఈ రెండవ దారి.

ఇది బయటినుంచి మనకు అరువు వచ్చిన ఆలోచన కూడా కాదు. 9వ శతాబ్దంలో బల్ఖ్‌లో పుట్టిన అబూ జైద్ అల్-బల్ఖీ శరీర ఆరోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో చర్చించారు. దిగులు, భయం, కోపం వంటివాటికి చికిత్స ఉన్నదని చెప్పారు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ నిర్మించిన ఆసుపత్రిలో మనోరోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. అటువంటి వారసత్వం ఉన్న మనం మన పిల్లలను గొలుసులకు అప్పగించడం న్యాయమా?

చట్టం కూడా మన పక్షాన ఉన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా ఆ చట్టం మానసిక వ్యాధిగానే పరిగణిస్తుంది. అంటే "ఇతడు తాగుబోతు, ఇక్కడ వైద్యం లేదు" అని ఎవరైనా తిప్పి పంపితే అది చట్టం మాట కాదు. 18వ సెక్షన్ ప్రకారం మతం, కులం, లింగం వంటి ఏ వివక్షా లేకుండా ప్రభుత్వ మానసిక వైద్యం పొందడం ప్రతివారి హక్కు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి కార్డు ఉన్నా లేకపోయినా ఆ వైద్యం ఉచితం. 95వ సెక్షన్ రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని శాసిస్తుంది. 115వ సెక్షన్ ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవానిగా భావించి ఆదుకోవాలని చెబుతుంది. మత్తు మాన్పిస్తామనే కేంద్రంలో మనిషిని చేర్చేముందు ఆ కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉన్నదో లేదో చూడండి. కొట్టి మాన్పించే చోట ఎవరినీ వదలవద్దు.

కేసు భయంతో ఆసుపత్రికి వెళ్లని కుటుంబాలు చాలా ఉన్నాయి. మన పేరు వినగానే అనుమానపు చూపు ఎదురయ్యే రోజులలో ఆ భయం అర్థం చేసుకోదగినదే. అయితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64-ఎ అనే సెక్షన్ ఉంది. తన వాడకం విషయంలో లేదా స్వల్ప పరిమాణం విషయంలో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, గుర్తింపు పొందిన కేంద్రంలో గానీ చేరి చికిత్స పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ లభిస్తుంది. మధ్యలో చికిత్స వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మకానికి ఇది వర్తించదు. పిల్లవాడు పట్టుబడ్డాడని తెలియగానే న్యాయవాదితో ఈ సెక్షన్ గురించి మాట్లాడండి. రోగిని జైలుకు పంపితే రోగం తగ్గదు.

మరో మాట నిష్ఠురంగా ఉన్నా చెప్పక తప్పదు. "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అనే మాటతో ఎందరి గొంతులు కోశాము! వ్యాధినీ వ్యసనాన్నీ దాచి నికాహ్ చేయడమంటే ఒక రోగిని ఇద్దరు రోగులుగా చేయడమే. పెళ్లి చికిత్స కాదు. వైద్యంతో కుదుటపడినవాడు, ఉన్న సంగతి దాచకుండా చెప్పి పెళ్లి చేసుకోవచ్చు. అలా చేసుకుని సజావుగా సంసారం చేస్తున్నవారు ఉన్నారు. అలాగే స్త్రీల సంగతి. మన ఇళ్లలో చీటీ లేకుండా మెడికల్ షాపులో నిద్రమాత్రలు తెప్పించుకుని ఏళ్ల తరబడి మింగుతున్న తల్లులు, కోడళ్లు ఉన్నారు. దానిని మనం మత్తు అనము, ఆమె దిగులును వ్యాధి అనము. అదీ జంట రుగ్మతే. ఆ మాత్రలనూ ఒక్కసారిగా ఆపరాదు, వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించాలి.

నివారణ ఇంట్లో మొదలవుతుంది. పదిహేను నుంచి పాతికేళ్ల లోపు పిల్లలలో వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, స్నేహితులను వదిలేయడం, చదువులో అకస్మాత్తుగా వెనుకబడడం, తనలో తాను మాట్లాడుకోవడం, కారణం లేని అనుమానాలు కనిపిస్తే తిట్టకండి, కొట్టకండి. కూర్చోబెట్టి అడగండి, వినండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ-మానస్ సేవకు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మత్తు మాన్పించే సలహాకు 14446 నంబరు ఉంది. చనిపోవాలని ఉందని పిల్లవాడు అంటే బెదిరింపు అనుకోకండి. వ్యాధి, మత్తు రెండూ కలిసినప్పుడు ఆ ప్రమాదం మరింత ఎక్కువ. అతడిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ప్రభుత్వాన్ని మేము కోరేది ఇది. ఎలమంచిలి నుంచి విశాఖ మానసిక చికిత్సాలయానికి సుమారు 60 కిలోమీటర్లు. రోగికి, వెంట వెళ్లినవారికి ఒక రోజు కూలి పోతుంది, రానుపోను చార్జీలు అదనం. ఆ ఖర్చుకు జడిసి మందులు మధ్యలో ఆపినవారిని మేము ఎరుగుదుము. మా ఊరి ప్రభుత్వ ఆసుపత్రికే పదిహేను రోజులకు ఒకసారి మానసిక వైద్యుడు రావాలి. నెలకు సరిపడా మందులు ఇక్కడే ఇవ్వాలి. మత్తు వైద్యం ఒకచోట, మనసు వైద్యం మరొకచోట అని తిప్పకుండా రెండూ ఒకే గదిలో జరగాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే తల్లులతో వారి భాషలో మాట్లాడగల కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి. ఇది దయాభిక్ష కాదు, హక్కు.

మసీదు కమిటీలను కోరేది అంతకంటే చిన్నది. రోగిని వెలివేసే తీర్మానాలు ఇకమీదట చేయవద్దు. జకాత్, సదకాల నిధి నుంచి నిరుపేద రోగుల మందులకు, బస్సు చార్జీలకు కొంత కేటాయించండి. ఓపీ చీటీ చదవగలిగిన ఒక మనిషిని వారికి తోడుగా పంపండి. మూడు నెలలకు ఒక జుమా బయాన్‌లో ఈ విషయం చెప్పమని ఇమామ్ సాహెబ్‌ను అడగండి. రోగి పేరు మాత్రం ఏ బయాన్‌లోనూ, ఏ చాయ్ దుకాణంలోనూ వినిపించకూడదు.

ఆ తల్లి కొడుకు ఇప్పుడు మందులు వాడుతున్నాడు. నెలకు ఒకసారి విశాఖ వెళ్లి వస్తున్నాడు. మాటలు పూర్తిగా ఆగలేదు, తగ్గాయని చెబుతున్నాడు. మధ్యలో ఒకసారి తిరిగి తాగాడు. మళ్లీ తీసుకువెళ్లాము. షుగరు పెరిగిన మనిషిని మళ్లీ ఆసుపత్రికి తీసుకువెళ్లమా? ఇదీ అంతే. ఇప్పుడు ఒక కిరాణా కొట్టులో పగటి పని చేస్తున్నాడు. జుమాకు వస్తాడు గానీ, చివరి వరుసలో చెప్పుల దగ్గర నిలబడి, సలాం తిప్పగానే వెళ్లిపోతాడు. తీర్మానం సంగతి అతడికి గుర్తుంది.

వచ్చే కమిటీ సమావేశంలో ఆ తీర్మానాన్ని రద్దు చేయాలని మేము లిఖితపూర్వకంగా కోరాము. నాటి ఏడుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. మిగిలిన ఐదుగురిలో ముగ్గురు ఒప్పుకున్నారు, ఇద్దరు ఇంకా ఆలోచిస్తున్నారు. తీర్మానం రద్దయితే ఆ పేజీ మీద ఎర్రసిరాతో అడ్డగీత గీసి, రద్దుకు కారణం రాయవలసిన పని మళ్లీ మాకే వస్తుంది. ఆ కారణం ఏమని రాయాలో ఇప్పటికే నిర్ణయించుకున్నాము: విచారణ చేయకుండా తీర్పు చెప్పినందున.

మీ మొహల్లా పుస్తకంలోనూ ఇటువంటి పేజీ ఉన్నదేమో చూడండి. రాతలో లేకపోతే మాటలో ఉంటుంది, మాటలో లేకపోతే ఒక ఇంటి ముందు ఆగకుండా సాగిపోయే మన నడకలో ఉంటుంది.